సెల్‌ఫోను మక్కువకు కొలమానము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో సెల్‌ఫోనును గూర్చిన ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. సాయంకాలమున పఠన మందిరమునకు రావలసిన బాలబాలికలు ఎక్కడ నున్నారని విచారించినచో, ఈ విషయము గ్రంథాలయమునకు పరాయిది కాదని తెలియగలదు. నేడు ఏ ఇంటికి పోయినను తల్లిదండ్రుల నోట వినవచ్చు మాట ఒక్కటే: “మా పిల్లవానికి ఫోను పిచ్చి పట్టినది.” ఈ మాట ఎంతవరకు నిజము? పిచ్చి యనదగినది ఏది? వయస్సునకు సహజమైన మక్కువ ఏది? ఈ రెంటికి గల భేదమును కనిపెట్టుటకు కొలత ఏదైన కలదా? ఇదియే నేటి ప్రసంగ విషయము.

కొలత ఎందుకని అడుగవచ్చును. నుదుట చేయి వేసి చూచి జ్వరమున్నదని తల్లి చెప్పగలదు. కాని అది ఎంత జ్వరమో, నిన్నటికంటె తగ్గినదో హెచ్చినదో థర్మామీటరు చెప్పవలసినదే. కొలత లేనిచోట రెండు విధములైన పొరపాట్లు జరుగును. ఆరోగ్యముగా నున్న పిల్లవానిని రోగియని యెంచి, ఫోను లాగికొని, నలుగురి యెదుట అవమానించుట మొదటిది. లోలోపల క్రుంగిపోవుచున్న పిల్లను చూచి “ఈ కాలపు పిల్లలందరు ఇంతే” యని ఉపేక్షించుట రెండవది. మొదటి పొరపాటు వలన ఇంటిలో నమ్మకము పోవును. రెండవ దాని వలన సకాలమున అందవలసిన సహాయము అందకపోవును.

ఈ కొలత ప్రభుత్వములకు సైతము అవసరమైనది. ఆస్ట్రేలియా దేశమువారు 2024 నవంబరులో ఒక చట్టము చేసి, 16 ఏండ్లు నిండనివారికి ప్రధానమైన సామాజిక మాధ్యమములలో ఖాతాలు ఉండరాదని నిర్ణయించి, 2025 డిసెంబరు 10వ తేదీనుండి దానిని అమలులో పెట్టిరి. ఇట్టి చట్టము మంచిదా కాదా యని తీర్పు చెప్పుటకు ముందు, ఎందరు పిల్లలు నిజముగా కష్టములో నున్నారో, ఆ కష్టము ఎట్టిదో తెలియవలెను గదా!

ఈ కొలమానముల చరిత్ర చాల పాతది కాదు. అమెరికాలో కింబర్లీ యంగ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు, ఇంటర్నెట్టుకు దాసులైనవారిని గుర్తించుటకు ఎనిమిది ప్రశ్నలను కూర్చి 1998లో ఒక వ్యాసము ప్రకటించెను. జూదమునకు బానిసలైనవారిని గుర్తించుటకు వైద్యులు ఉపయోగించు లక్షణముల పట్టికనుండియే ఆమె ఆ ప్రశ్నలను మలచుకొనెను. కనుక ఈ శాస్త్రము పుట్టుకతోనే జూదపు ఛాయను వెంట తెచ్చుకొన్నదని చెప్పవచ్చును.

తరువాత 2012లో నార్వే దేశమునందలి బెర్గెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సెసిలీ షౌ ఆండ్రియాసెన్, ఆమె సహచరులు ఫేస్‌బుక్కు వాడకమును కొలుచుటకు ఆరు ప్రశ్నల కొలమానమును సిద్ధపరచిరి. పిమ్మట దానినే సామాజిక మాధ్యమములన్నిటికి వర్తించునట్లు మార్చిరి. సదా దానిమీదనే ధ్యాస యుండుట, నానాటికి మరింత కావలెననిపించుట, చింతలను మరచుటకు దానిని ఆశ్రయించుట, తగ్గించుకొనవలెనని యత్నించి విఫలులగుట, అది దొరకనప్పుడు మనస్సు నిలువకపోవుట, చదువునకో పనికో హాని కలుగుట - ఇవియే ఆ ఆరు విషయములు. ఒక్కొక్క దానికి ఒకటి మొదలు ఐదు వరకు అంకెలు వేయుదురు. కనిష్ఠము 6, గరిష్ఠము 30.

కౌమార వయస్కుల విషయమున నేడు మిక్కిలి ప్రసిద్ధమైన కొలమానము నెదర్లాండ్స్ దేశమున పుట్టినది. రెజీనా వాన్ డెన్ ఐండెన్, యెరూన్ లెమ్మెన్స్, పాటీ వాల్కెన్‌బర్గ్ అను ముగ్గురు పండితులు 2016లో దానిని ప్రకటించిరి. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో వెలువరించిన గ్రంథమున, ఇంటర్నెట్టు ఆటల వ్యామోహమునకు సూచింపబడిన తొమ్మిది లక్షణములను వీరు సామాజిక మాధ్యమములకు అన్వయించిరి. గడచిన సంవత్సర కాలమున జరిగినదానిని గూర్చి తొమ్మిది ప్రశ్నలు వేసి, ఒక్కొక్క దానికి “అవును” లేక “కాదు” అను జవాబు మాత్రమే కోరుదురు.

ఆ తొమ్మిది ప్రశ్నల సారాంశము ఇది. మరల ఎప్పుడు చూడగలనా యను ఆలోచన తప్ప వేరు తలంపు రాకుండుట కలదా? ఎంతసేపు చూచినను చాలలేదను అసంతృప్తి కలదా? చూడ వీలులేనప్పుడు మనస్సు పాడగుచున్నదా? తగ్గింపదలచి తగ్గింపలేకపోయినది కలదా? ఆటపాటలు, ఇతర అభిరుచులు మూలబడినవా? ఈ కారణమున ఇతరులతో తరచు వాదములు వచ్చుచున్నవా? ఎంత సమయము గడుపుచున్నదియు తల్లిదండ్రులకో స్నేహితులకో అబద్ధము చెప్పుట కలదా? దుఃఖమును, విసుగును తప్పించుకొనుటకు దానిలో తలదాచుకొనుట కలదా? తల్లిదండ్రులతోను తోబుట్టువులతోను దీనివలన తీవ్రమైన కలహము జరిగినదా?

ఈ ప్రశ్నలను శ్రద్ధగా విన్నవారికి ఒక విశేషము స్ఫురింపక మానదు. దినమునకు ఎన్ని గంటలు ఫోను చూచెదవను ప్రశ్న ఇందులో ఎక్కడను లేదు! ఇండ్లలో మొట్టమొదట అడుగునది అదియే. పండితులు దానిని బుద్ధిపూర్వకముగనే విడిచిరి. ఎంతసేపు చూచినాడనునది వాడకపు పరిమాణము మాత్రమే. దానివలన ఏమి కోల్పోయినాడు, దానిమీద తన అదుపు తనకున్నదా లేదా యనునది అసలు సమస్య. పొలములో నీరు ఎన్ని గంటలు పారినదను లెక్క ఒకటి. పైరు నిలిచినదా, కుళ్ళినదా యనునది వేరొకటి.

ఈ భేదము కేవలము తర్కము కాదు; పరిశోధనలలో తేలిన విషయము. 29 దేశములలో లక్షన్నరకు పైబడిన బాలబాలికల జవాబులను పరిశీలించి మార్ట్యే బూర్, ఆమె సహచరులు 2020లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఎక్కువగా వాడుట వేరు, సమస్యగా వాడుట వేరని వారు విడదీసి చూచిరి. ఎక్కువ వాడుక సర్వసాధారణమైన దేశములలో, ఎక్కువగా వాడు పిల్లలు తక్కిన పిల్లలకంటె అసంతృప్తిగా లేరు. స్నేహితుల అండ వారికి అధికముగనే యున్నది. అట్టి వాడుక అరుదైన దేశములలో మాత్రము వారి సంతృప్తి కొంత తక్కువగా కనబడినది. కాని సమస్యగా వాడువారు మాత్రము అన్ని దేశములలోను మనశ్శాంతి విషయమున, చదువు విషయమున, స్నేహముల విషయమున వెనుకబడియే యుండిరి.

ఇట్టి పిల్లలు ఎందరు? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా శాఖవారు 2024 సెప్టెంబరులో వెలువరించిన నివేదిక ఈ ప్రశ్నకు జవాబు చెప్పినది. ఐరోపా, మధ్య ఆసియా, కెనడాలకు చెందిన 44 దేశములు, ప్రాంతములలో 11, 13, 15 ఏండ్ల వయస్సుగల సుమారు 2,80,000 మంది బాలబాలికలను 2022లో ప్రశ్నించిరి. సమస్యాత్మకముగా వాడువారు 2018లో నూటికి 7 మంది యుండగా, 2022 నాటికి 11 మందియైరి. బాలికలలో నూటికి 13, బాలురలో 9. అనగా పెరుగుదల నిజమే, ఉపేక్షింపదగినది కాదు. అయినను నూటికి 89 మంది ఆ గీతకు ఇవతలనే యున్నారను మాట కూడ ఆ లెక్కలోనిదే. పిల్లలందరు చెడిపోయిరను వారును, ఎవరికిని ఏమియు కాలేదను వారును ఈ రెండు అంకెలను కలిపి చూడవలెను.

ఇక ఈ కొలమానముల లోపములను గూర్చి చెప్పవలసియున్నది. కుంచము వేరైనచో గింజల లెక్క వేరగును. నెదర్లాండ్స్ కొలమానమును మొదట ప్రకటించినప్పుడు తొమ్మిదింట ఐదు “అవును”లు వచ్చినవారిని రోగలక్షణము కలవారుగా ఎంచిరి. పైన చెప్పిన 44 దేశముల సర్వేలో ఆరు వచ్చినవారినే లెక్కలోనికి తీసికొనిరి. బెర్గెన్ కొలమానమునకు హంగేరీ పండితులు 2017లో 19 అంకెల వద్ద గీత గీచిరి. 5,961 మంది పిల్లలలో నూటికి 4.5 మంది ఆ గీత దాటిరి. అదే కొలమానమునకు చైనాలో 2021లో 24 వద్ద గీత ఉండవలెనని తేల్చిరి. ఇరువది అంకెలు వచ్చిన బాలుడు ఒక దేశమున ప్రమాదములో నున్నట్లును, వేరొక దేశమున లేనట్లును లెక్క వచ్చును. బాలుడు మారలేదు; గీత మారినది. పత్రికలలో “ఇంతమందికి ఫోను వ్యసనము” అను శీర్షిక కనబడినప్పుడు, గీత ఎక్కడ గీచిరని అడుగుట చదువరి ధర్మము.

జ్ఞాపకము నమ్మదగినది కాకుండుట రెండవ లోపము. దక్షిణాఫ్రికాలోని స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయమునకు చెందిన డగ్లస్ పారీ, ఆయన సహచరులు అనేక పరిశోధనలను కూడబెట్టి 2021లో ఒక సమీక్ష ప్రకటించిరి. ప్రజలు తమ వాడకమును గూర్చి చెప్పిన లెక్కకును, యంత్రమే నమోదు చేసిన లెక్కకును పొంతన కొంతవరకే యున్నదని అందు తేలినది. నూటికి ఐదు పాళ్ళ తేడాలోపల సరిగా చెప్పగలిగినవారు పదవ వంతుకంటె తక్కువ. కొందరు ఉన్నదానికంటె ఎక్కువ చెప్పిరి, కొందరు తక్కువ చెప్పిరి. పెద్దల జ్ఞాపకమే ఇట్లున్నప్పుడు, “గంటసేపే చూచితిని” అన్న పిల్లవాని మాటను అబద్ధమని వెంటనే నిశ్చయింపరాదు. సత్యమని లెక్క వ్రాసికొనరాదు.

ప్రశ్నల తీరులోనే ఉన్న మూడవ లోపము మిక్కిలి విచిత్రమైనది. బ్రిటనులోని వించెస్టర్ విశ్వవిద్యాలయమునకు చెందిన లియాం సాచెల్, ఆయన సహచరులు 2020లో ఒక పరీక్ష చేసిరి. సామాజిక మాధ్యమముల వ్యసనమును కొలుచు ప్రశ్నలనే తీసికొని, “సామాజిక మాధ్యమము” అన్నచోట “స్నేహితులతో ఎదురెదురుగ గడుపుట” అని మార్చిరి. ఆ ప్రశ్నలకు 807 మంది జవాబు చెప్పిరి. లెక్క చూడగా నూటికి 69 మంది స్నేహితుల సాంగత్యమునకు వ్యసనపరులని తేలినది! స్నేహితులను తలచుకొనుట, వారు లేనప్పుడు వెలితిగా నుండుట, వారివద్ద కష్టము మరచుట రోగములగునా?

ఈ మార్పును గ్రంథాలయ సభ్యులు తమకే అన్వయించి చూచుకొనవచ్చును. ధారావాహిక నవల తరువాయి భాగమెప్పుడు వచ్చునా యని ఎదురు చూచుట, దీపము తగ్గించి పెద్దలకు తెలియకుండ చదువుట, పాఠ్య పుస్తకము నడుమ నవల దాచుట, చదువవద్దన్న తల్లితో వాదమాడుట - వీనికి ఆ తొమ్మిది ప్రశ్నలు వేసినచో, ఈ సభలో పుస్తక ప్రియులు ఎందరు గీత దాటుదురో ఊహింపవచ్చును. నవలలు ఆడపిల్లలను పాడుచేయునని పెద్దలు బెంగపడిన కాలము ఒకటి కలదు. దీనినిబట్టి ఫోను కూడ నిరపాయమైనదని అర్థము కాదు. పుస్తకమునకు చివరి పుట యుండును. ఫోనులో వ్రేలు కదిపినంతసేపు క్రొత్తది వచ్చుచునే యుండును, చూచువాని అభిరుచిని కనిపెట్టి దానికి తగినదానినే యంత్రము ముందుంచును. అయినను మక్కువను రోగముగా పొరబడు ప్రమాదము ప్రశ్నలలోనే పొంచియున్నదని గ్రహింపవలెను.

కారణము ఏది, కార్యము ఏది యనునది నాల్గవ చిక్కు. ఫోను చూచుటచే పిల్లకు దిగులు కలిగినదా, దిగులుతో నున్న పిల్ల ఫోనును ఆశ్రయించినదా? ఒక్కసారి వేసిన ప్రశ్నలు ఈ సంగతిని తేల్చలేవు. తరగతిలో ఎగతాళికి గురియైన బాలునికి, ఇంటిలో నిత్యము కలహములు చూచు బాలికకు ఆ చిన్న తెరయే తలదాచుకొను పంచ కావచ్చును. పంచను పీకివేసినంత మాత్రమున వాన ఆగదు.

ఈ లోపములన్నియు ఉండుటచేతనే వైద్యశాస్త్రము తొందరపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగముల పట్టిక పదునొకండవ కూర్పు 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. అందులో ఎలెక్ట్రానిక్ ఆటల వ్యామోహము రోగముగా చేర్చబడినది. సామాజిక మాధ్యమముల వాడకము ప్రత్యేక రోగముగా చేర్చబడలేదు. కనుకనే ఆ ఐరోపా నివేదికలో దీనిని “సమస్యాత్మక వినియోగము” అని పేర్కొనిరి. తెలుగున ఈ జాగ్రత్త మరింత అవసరము. “వ్యసనము” అనగానే సప్త వ్యసనములు, జూదము, పానము స్ఫురించును. ఆ మాట రోగమునకంటె దోషమునే ఎక్కువగా సూచించును. పదునాలుగేండ్ల బాలునికి ఆ బిరుదు తగిలించినచో అది వానిని చాలకాలము వెంటాడును.

ఇక పల్లెలసంగతి. ప్రథమ్ సంస్థవారు దేశములోని గ్రామములలో జరిపిన సర్వే ఫలితములు, 2024వ సంవత్సరపు ‘అసర్’ నివేదికగా 2025 జనవరిలో వెలువడినవి. 14 మొదలు 16 ఏండ్ల వయస్సు పిల్లలలో నూటికి 82 మందికి స్మార్టుఫోను ఉపయోగించుట తెలియును. అంతకు ముందు వారములో చదువు సంబంధమైన పనికై ఉపయోగించినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకై ఉపయోగించినవారు 76 మంది. పట్నపు పిల్లల సమస్యయని పల్లెవాసులు దీనిని త్రోసివేయుటకు ఇక వీలులేదు.

కాని ఐరోపాలో పుట్టిన ప్రశ్నలను తెలుగులోనికి మార్చినంత మాత్రమున అవి తెలుగు పల్లెకు సరిపోవు. అచ్చట చాలమంది పిల్లలకు ఎవరి ఫోను వారికుండును. ఇచ్చట అనేక గృహములలో తండ్రి ఫోనొక్కటే యుండును. అన్న, చెల్లెలు, తమ్ముడు దానికై వంతులు వేసికొందురు. “ఫోను విషయమై తోబుట్టువులతో తీవ్ర కలహము జరిగినదా?” అని అడిగినచో “అవును” అనియే జవాబు వచ్చును. ఆ కలహమునకు కారణము వ్యామోహము కాదు, వస్తువు ఒక్కటియే యగుట. ఆడపిల్ల ఫోను ముట్టినంతనే అనుమానించు ఇంటిలో, ఆమె చెప్పు అబద్ధము భయమునుండి పుట్టినది కావచ్చును. ప్రశ్న అదియే, అర్థము వేరు. కనుక తెలుగు పిల్లలకు తగిన కొలమానము తెలుగు ఇండ్లను ఎరిగినవారిచేతనే సిద్ధము కావలెను.

అట్లయిన తల్లిదండ్రులు చేయవలసినదేమి? ఈ తొమ్మిది ప్రశ్నలు తీర్పు చెప్పు న్యాయాధిపతులు కావు. మాట కలుపుటకు పనికివచ్చు త్రోవలు. గడియారము పట్టుకొని గంటలు లెక్కించుటకంటె నాలుగు విషయములు గమనించుట మేలు. నిద్ర చెడుచున్నదా? చదువు, ఆటలు, పని మూలబడినవా? తానే తగ్గింపదలచి తగ్గింపలేకున్నాడా? నలుగురితో మాటాడుట మాని ఒంటరియగుచున్నాడా? ఇవి ఒకటి రెండు దినములు కనబడినచో కంగారు పడవలదు. పరీక్షలైన మరునాడు ఏ పిల్లవాడైనను ఫోను పట్టుకొని కూర్చుండును. నెలల తరబడి కొనసాగినచో ఉపేక్షింపవలదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థవారు ఇట్టి సమస్యలకై 2014లోనే ప్రత్యేక వైద్యశాల ప్రారంభించిరి. 2022 అక్టోబరులో ఆరంభమైన ‘టెలి మానస్’ అను ప్రభుత్వ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి, ఖర్చు లేకుండ సలహా పొందవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి కలదు. ఈ కొలమానములన్నియు పిల్లవాని నోటి మాటమీదనే ఆధారపడియున్నవి. అబద్ధము చెప్పుచున్నావా యను ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు ఆ పిల్లవాడే. నిజము చెప్పినచో దెబ్బలు తప్పవని తెలిసిన పిల్లవాడు తొమ్మిదింటికి తొమ్మిది “కాదు” అనియే వ్రాయును. అట్టి ఇంటిలో ఎంత గొప్ప కొలమానమైనను పనిచేయదు. నిజము చెప్పినను నష్టము లేదను ధైర్యము పిల్లలకు కలిగించుటయే మొదటి కొలమానము. తక్కినవన్నియు దాని తరువాతివి.

ఆ తొమ్మిదింటిలో ఐదవ ప్రశ్న ఈ గ్రంథాలయమునకు సంబంధించినది. ఇతర అభిరుచులు మూలబడినవా యని అది అడుగును. మూలబడుటకైన ముందు అవి ఉండవలెను గదా! ఆటస్థలము లేని ఊరిలో, పుస్తకము దొరకని ఊరిలో, పిల్లలు కూడి మాటాడుకొనుటకు చోటు లేని ఊరిలో ఆ ప్రశ్నకు అర్థమే లేదు. అట్టి ఊరి పిల్లవాడు ఫోను పట్టుకొనుట దేనినో విడిచి కాదు, మరేదియు లేక. ఇరువది యైదేండ్లుగా ఈ పఠన మందిరపు తలుపులు తెరచియుంచినవారు, పిల్లలకు విడిచిపెట్టరానిది ఒకటి ఈ ఊరిలో ఉండునట్లు చేసిరి. సాయంకాలము పిల్లలు వచ్చువేళకు దీపము వెలుగుచుండుట, వారి వయస్సునకు తగిన క్రొత్త పుస్తకములు బీరువాలో ఉండుట, చదివినదానిని గూర్చి వారు చెప్పు మాటలను వినువారొకరు ఉండుట - ఈ మూడును ముందు సంవత్సరములలోను కొనసాగునుగాక! ఫోనును లాగికొనుట కొన్ని నిమిషముల పని. దాని స్థానమున నిలుపదగినదానిని పెంచుట ఇరువది యైదేండ్ల పని. ఆ పనిని ఈ ఊరివారు చేసి చూపిరి.